రెండు ఊళ్ళకు ఒక తాళంచెవి

ఆల్డర్మియర్, స్కెల్బీ కౌన్సిళ్ళు ఇకమీదట రెండు శరీరాలూ ఒకే ప్రాణమూ అని మార్చి మొదటి సోమవారం పొద్దున్న మా టౌన్ హాల్ మెట్ల మీద ప్రకటించారు. ప్రకటించినవారు మా కౌన్సిల్ నాయకురాలు ఫిలిప్పా డన్‌థోర్న్ గారు. "రెండు ఊళ్ళకి రెండు రోడ్లూడ్చే బళ్ళెందుకు? ఇద్దరు ముఖ్యాధికారులెందుకు? రెండు మరుగుదొడ్లెందుకు?" అని ఆవిడ గొంతెత్తి అడిగారు. వానలో గొడుగులు పట్టుకుని నిలబడ్డ మేం పద్నాలుగు మందిమీ ఎందుకో చెప్పలేకపోయాం. చెప్పలేదు గనక ఒప్పుకున్నట్టేనని రాసుకున్నారు. ప్రజలను సంప్రదించడమంటే ఇదేనట.

స్కెల్బీ మాకు తొమ్మిది మైళ్ళు. మా చర్చి గంట వాళ్ళు ఎత్తుకుపోయారని మా తాతలు చెప్పేవారు. గంట వాళ్ళదేననీ, మేమే ముందు ఎత్తుకొచ్చామనీ వాళ్ళ తాతలు చెప్పేవారు. మూడు వందల ఏళ్ళ ఈ పగను రూపర్ట్ గ్యాస్కిన్ గారు ఒక్క సంతకంతో, క్షమించాలి, రెండు సంతకాలతో తుడిచిపెట్టేశారు. ఎందుకంటే రెండు ఊళ్ళకీ కలిపి నియమించిన ముఖ్యాధికారి ఆయనే. సోమ, మంగళ మా ఆల్డర్మియర్‌కి. గురు, శుక్ర స్కెల్బీకి. బుధవారం ఆయన కార్లో కూర్చుని ఆలోచిస్తారు. ఇద్దరు చేసే పని ఒక్కరు చేయడం వల్ల ఒక జీతం మిగిలింది. ఇద్దరి పని చేస్తున్నారు గదా అని అది ఆయనకే ఇచ్చారు. ఇంత సూటిగా ఆలోచించే మనుషులు మన మధ్యన ఉన్నారంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

నా పేరు లెన్ టాప్‌లిస్. బజారు కూడల్లో నాకో కటింగ్ షాపుంది, శవపేటిక కంటే జానెడు వెడల్పు ఎక్కువ. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఊరి మరుగుదొడ్డి, ఎర్రిటుకల కట్టడం. ఇరవై రెండేళ్ళుగా నేనూ, నా దగ్గర తల పెట్టేవాళ్ళూ అక్కడికే వెళ్ళేవాళ్ళం. నా షాపులో ఉన్నది తలలు కడిగే సింకు ఒక్కటే. ఆ మాట మీద ఇంకేమీ అడక్కండి.

భాగస్వామ్యం మొదలైన మర్నాడే మరుగుదొడ్డి తలుపుకి బోర్డు వేలాడింది. 'మీకు మరింత మెరుగైన సేవ అందించుటకు తాత్కాలికముగా మూసివేయబడినది.' పంపకాల్లో కట్టడం మా ఊరికి వచ్చింది. దాన్ని కడిగే మనిషీ, తాళమూ, తాళంచెవీ స్కెల్బీకి పోయాయి. రెండెందుకన్న సూత్రం ప్రకారం స్కెల్బీలో ఉన్నదాన్ని పడగొట్టి పూలకుండీలు పెట్టారు.

వారాలు గడిచాయి. నా బాధ నాకుంటే ఉంది, ఎలాగో ఓర్చుకునేవాణ్ణి. విల్ఫ్ బాధ వేరు.

విల్ఫ్ పెంబుల్‌కి డెబ్భై ఎనిమిదేళ్ళు. బస్సు డ్రైవరుగా చేసి దిగినవాడు, లోయర్ హ్యాచ్ అనే పల్లెలో ఒంటరిగా ఉంటాడు. భార్య మార్జరీ పోయినప్పటి నుంచీ వారానికి ఒక్కసారే ఇల్లు కదులుతాడు. శనివారం పొద్దున్న బస్సెక్కి నా షాపుకొచ్చి, మధ్యాహ్నం దాకా డొమినోలు ఆడి, నన్ను ఓడించి వెళ్తాడు. ఆపరేషన్ అయ్యాక అతని ఒళ్ళు అరగంటకు మించి ఆగదు. బస్సు ప్రయాణం ఇరవై అయిదు నిమిషాలు. నా షాపు పక్కనున్న కాఫీ హోటల్లో మరుగుదొడ్డి ఉందిగాని, నిచ్చెనలాంటి మెట్లెక్కాలి. అతనికి ఆ మోకాళ్ళు లేవు.

"నేను రాలేనోయ్ లెన్. అది తెరిచాక చెప్పు, వస్తా," అన్నాడు ఫోన్లో.

సోమవారం గ్యాస్కిన్ గారు కటింగుకి వచ్చారు. మెడలో పచ్చ తాడు, దానికి ఆల్డర్మియర్ గుర్తింపు కార్డు. సంగతి విన్నవించుకున్నాను.

"మేమేం చేతులు కట్టుకు కూర్చోలేదండీ. స్కెల్బీ ముఖ్యాధికారికి ఘాటుగా ఉత్తరం రాశాను," అన్నారు.

"స్కెల్బీ ముఖ్యాధికారి తమరే గదా సార్?"

"గురువారం."

"పోనీ, ఆ గురువారం ఆయన ఏమనుకుంటారో ఇప్పుడే చెప్పేయరాదూ?"

ఆయన అద్దంలో నా వంక జాలిగా చూశారు. "ఒక కౌన్సిల్ రహస్యం ఇంకో కౌన్సిల్‌కి చెప్పమంటారా? నాకు నీతీ నియమం లేవనుకున్నారా?"

నేను సిగ్గుపడి చెవుల వెనక వెంట్రుకలు జాగ్రత్తగా తీశాను.

గురువారం మధ్యాహ్నం షాపు కట్టేసి బస్సెక్కి స్కెల్బీ వెళ్ళాను. గ్యాస్కిన్ గారు అక్కడున్నారు. మెడలో ఎర్ర తాడు. మూడు రోజుల కిందట నేను కత్తిరించిన జుట్టే, అయినా నన్ను గుర్తుపట్టనట్టే కూర్చున్నారు.

"మీరు ఆల్డర్మియర్ వాస్తవ్యులు. మీ బాధ మీ కౌన్సిల్‌కి చెప్పుకోవాలి."

"వాళ్ళు మీకు ఉత్తరం రాశారట గదండీ?"

ఆయన మొహం కందిపోయింది. సొరుగులోంచి ఉత్తరం తీసి బల్ల మీద కొట్టారు. "ఇదీ ఉత్తరమేనా? ఆ భాష చూడండి! 'ఇక జాప్యం సహించబోము' అట! ఎవరనుకుంటున్నాడు వాడు? నా ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో నాతో ఇలా మాట్లాడినవాడు లేడు!"

నిజంగానే కళ్ళు చెమర్చాయండీ. ఇంతటి నిజాయితీపరుణ్ణి ఓదార్చడం ఎలాగో తెలియక నేను తిరుగు బస్సు పట్టుకున్నాను.

ఉత్తరాలు పదకొండయ్యాయి. సోమవారం రాసినదానికి గురువారం జవాబు, గురువారం రాసినదానికి సోమవారం జవాబు. చివరికి మాటలు పూర్తిగా ఆగిపోయాయి. అప్పుడు రెండు కౌన్సిళ్ళూ కలిసి మధ్యవర్తిని పిలిచాయి. ఒడెట్ ఫారో అని, ఇంకో జిల్లా నుంచి వచ్చిన ఆవిడ. మే నెలలో మా టౌన్ హాల్లో బహిరంగ సమావేశం పెట్టారు. ప్రజలు లేచి మూడు నిమిషాలు మాట్లాడొచ్చని కాగితం అంటిస్తే విల్ఫ్‌కి ఫోన్ చేశాను. ముందురోజు సాయంత్రం నుంచీ టీ చుక్క ముట్టకుండా వచ్చాడు, పెదాలు ఎండిపోయి.

బల్లకి అటొక పచ్చ కుర్చీ, ఇటొక ఎర్ర కుర్చీ. గ్యాస్కిన్ గారు పచ్చ కుర్చీలో కూర్చుని మా ఊరి వాదన వినిపించారు. లేచి, బల్ల చుట్టూ నడిచి, మెడలో తాడు మార్చుకుని, ఎర్ర కుర్చీలో కూర్చుని దాన్ని ఖండించారు. మళ్ళీ లేచారు. అలా గంటసేపు ఒక్కడూ తూలకుండా తిరగడం సామాన్యుల వల్ల కాదు. ఒకచోట పచ్చ కుర్చీలోంచి "మీకు సహకార గుణమే లేదు" అన్న మాట కాస్త గట్టిగా వచ్చింది. ఎర్ర కుర్చీ గ్యాస్కిన్ గారు అలిగి బయటికి వెళ్ళిపోయారు. ఆయన్ని బతిమాలి తీసుకురావడానికి వెళ్ళానని పచ్చ కుర్చీ గ్యాస్కిన్ గారు తరవాత చెప్పారు. ఇరవై నిమిషాలకి ఇద్దరూ కలిసి వచ్చారు. చేతిలో కాఫీ ఒకటే.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని ఊరికే అనలేదోయ్," అన్నాడు విల్ఫ్ నా చెవిలో. కాళ్ళు దగ్గరగా పెట్టుకుని కూర్చున్నాడు.

అతని వంతు వచ్చింది. టోపీ తీసి లేచి, ముందు వరసలో ఉన్న డన్‌థోర్న్ గారి వైపు తిరిగాడు.

"అమ్మా, ముప్పై ఒక్క ఏళ్ళు ఈ రెండూళ్ళ మధ్యా బస్సు తోలాను. పొద్దున్న మనవాళ్ళని అక్కడ దింపాను, వాళ్ళవాళ్ళని ఇక్కడికి తెచ్చాను. దాన్నెవరూ భాగస్వామ్యం అనలేదు, తొమ్మిదో నంబరు అన్నారు. ఇప్పుడు నా ఒళ్ళు అరగంట ఆగుతుంది. బస్సు దిగేసరికి అయిదు నిమిషాలు మిగుల్తాయి. ఆ అయిదు నిమిషాల్లో ఒక తలుపు తెరిచి ఉంటే నాకు శనివారం ఉంటుంది. లేకపోతే ఇంట్లో గోడతో డొమినోలు ఆడుకోవాలి. తాళంచెవి ఎవరిదో నాకక్కర్లేదు తల్లీ."

డన్‌థోర్న్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత విలువైన అనుభవం! పెంబుల్ గారూ, వచ్చే శనివారం పదకొండు గంటలకు ప్రారంభోత్సవం. మొట్టమొదట లోపలికి వెళ్ళేది మీరే. ఇది నా మాట."

విల్ఫ్ ఆవిడకి వంగి దణ్ణంలాంటిదొకటి పెట్టి, చేతనైనంత వేగంగా బయటికి నడిచాడు.

శనివారం వచ్చింది. ఊదే బాకాల బృందం వచ్చింది. తలుపుకి అడ్డంగా నీలం రిబ్బను. పదకొండుకి అయిదు నిమిషాల ముందు విల్ఫ్ బస్సు దిగాడు. మార్జరీ కొన్న బూడిదరంగు ప్యాంటు, మెరిసే బూట్లు.

"ఏమోయ్ లెన్! ఇవాళ రెండు కప్పుల టీ తాగి వచ్చా!" అన్నాడు. అలా నవ్వగా చూసి మూడు నెలలు కావస్తోంది.

డన్‌థోర్న్ గారు మాట్లాడారు. స్కెల్బీ నాయకుడు మాట్లాడారు. మధ్యవర్తి మాట్లాడారు. చర్చి గంట కథ కూడా వచ్చింది. అప్పుడు గ్యాస్కిన్ గారు మెడలో రెండు తాళ్ళతో ముందుకొచ్చి, కుడిచేత్తో తాళంచెవి పైకెత్తి ఊరందరికీ చూపించి, స్కెల్బీ తరఫున దాన్ని తన ఎడమచేతికి అందజేశారు. ఎడమచెయ్యి ఆల్డర్మియర్ తరఫున స్వీకరించింది. చేతులు ఒకదాన్నొకటి ఊపుకున్నాయి. బాకాలు మోగాయి. రిబ్బను కత్తిరించారు. పదకొండూ ముప్పై అయిదు.

విల్ఫ్ తలుపు దగ్గరికి వెళ్ళాడు. తాళం వేసే ఉంది.

"సార్, తియ్యండి సార్," అన్నాను నేను.

"తాళంచెవి మాకు వచ్చింది. తాళం ఇంకా స్కెల్బీదే," అన్నారు గ్యాస్కిన్ గారు. "తాళం బదిలీ రెండో దశలో ఉంది. వాళ్ళ తాళంలో మన చెవి పెట్టడం చొరబాటు అవుతుంది."

"వాళ్ళని అడగండి మరి! మీరే గదా వాళ్ళు!"

"ఇవాళ శనివారం. వాళ్ళ ఆఫీసు సెలవు."

"బాబూ," అన్నాడు విల్ఫ్. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఒక్క నిమిషం తెరవండి బాబూ. ఎవరికీ చెప్పను."

గ్యాస్కిన్ గారు తాళంచెవి జేబులో వేసుకుని, బాధపడ్డారు. ఆయన బాధపడటం నేను కళ్ళారా చూశాను, అబద్ధం చెప్పను.

విల్ఫ్ వెనక్కి తిరిగి నాలుగడుగులు వేసి ఆగిపోయాడు. "లెన్," అన్నాడు. అంతే. బూడిదరంగు ప్యాంటు నల్లబడుతోంది.

షాపులోకి పరిగెత్తాను. కటింగప్పుడు మెడకి కట్టే తెల్లగుడ్డ పట్టుకొచ్చి, అతన్ని అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి, మెడ నుంచి బూట్ల దాకా కప్పేశాను. దువ్వెన తీశాను. కత్తెర ఆడించడం మొదలుపెట్టాను. కత్తిరించడానికి అక్కడ వెంట్రుకలే లేవు. గాలిని కత్తిరించాను.

"ఎంతసేపోయ్?" అన్నాడు, తల ఎత్తకుండా.

"వీళ్ళందరూ పోయేదాకా."

"సరే. వెనకాల మరీ పొట్టిగా చెయ్యకు."

చేతిలో కత్తెరుంది. ఆ రోజు ఎవర్నీ ఏమీ చెయ్యకపోవడమే నేను ఈ భాగస్వామ్యానికి చేసిన సేవ.

"ఆహా! ఆరుబయట కటింగా! ఎంత ముచ్చటగా ఉంది!" డన్‌థోర్న్ గారు పరిగెత్తుకొచ్చారు. కౌన్సిల్ ఫొటోగ్రాఫరు వచ్చాడు. గ్యాస్కిన్ గారు బెంచీకి అటూ, ఆవిడ ఇటూ నిలబడ్డారు. నవ్వమన్నారు. విల్ఫ్ మర్యాద తెలిసినవాడు, నవ్వాడు.

అతన్ని ఆ గుడ్డతోనే టాక్సీ ఎక్కించాను. మరుసటి శనివారం రాలేదు. ఫోన్ చేస్తే మోకాలు నెప్పి అన్నాడు. ఆ పై శనివారం ఫోన్ ఎత్తలేదు. గుడ్డ నేను అడగలేదు. డొమినోల పెట్టె షాపులో అలమారా మీద ఉంది.

జూలైలో శుభవార్త తెలిసింది. 'స్థానిక వ్యాపారులతో కలిసి పౌరులకు ఆరుబయట క్షవర సేవ' అన్న విభాగంలో మా భాగస్వామ్యానికి దేశస్థాయి బహుమతి వచ్చింది. విల్ఫ్ ఫొటో అట్ట మీద వేసి పుస్తకం అచ్చేశారు. అందులో ఒక లెక్క కూడా ఉంది: మరుగుదొడ్డి గురించి ఏప్రిల్‌లో ఫిర్యాదులు నలభై ఒకటి, జూన్‌లో సున్నా. ఫలితం చూసి మూడో కౌన్సిల్ గ్యాస్కిన్ గారి బుధవారాలు తీసుకుంది.

నిన్న నా షాపుకి బంగారు అంచు కవరొకటి వచ్చింది, విల్ఫ్ పేరు మీద. అతని చిరునామా వాళ్ళ దగ్గర లేదట. స్కెల్బీ టౌన్ హాల్లో సన్మానసభ, మూడు గంటల కార్యక్రమం, ముఖ్య అతిథి శ్రీ విల్ఫ్ పెంబుల్. టీ, కేకు, మళ్ళీ టీ. అడుగున సన్నక్షరాల్లో ఒక మాట: 'అతిథులకు మరుగుదొడ్డి వసతి, భాగస్వామ్య ఒప్పందము ప్రకారము, ఆల్డర్మియర్‌లో కలదు.'