నిద్రపోయిన కంప్యూటర్‌కి మెమో

ఒక పెద్ద అడవిలో, అన్ని పెద్ద అడవుల్లాగే, ఒక ఆఫీసు ఉండేది. ఆఫీసన్నాక ఒక కంప్యూటర్, దాని మీద అజమాయిషీకి సూపరింటెండెంట్ ఎలుగుబంటి.

మండువేసవి. మడుగు ఎండిపోతుంటే తల్లి తాబేలు పిల్లల్ని తీసుకుని నదికి వెళ్ళిపోదామనుకుంది. ఊరికే వెళ్ళడానికి లేదు, పర్మిట్టు కావాలి. పాపం, పిల్లల్ని మడుగులోనే ఉంచి రెండు రోజులు నడిచి ఆఫీసు చేరేసరికి కంప్యూటర్ తెర నల్లగా ఉంది.

అయిదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే అది నిద్రలోకి జారుకుంటుంది. ఏదో ఒక మీట నొక్కితే లేస్తుంది. ఇంతే సంగతి. కానీ ఆ ఆఫీసులో అయిదు నిమిషాలకోసారి దాన్ని ముట్టుకునే అలవాటు ఎవరికీ లేదు.

డ్యూటీలో నిద్రేమిటని ఎలుగుబంటి మండిపడింది. సంజాయిషీ మెమో ఇమ్మంది. మెమోలు టైపులోనే ఉండాలని రూలు. అందుకని గుమాస్తా కుందేలు మీట నొక్కి కంప్యూటర్‌ని లేపి, దానికివ్వాల్సిన మెమోని దాని మీదే కొట్టి, ప్రింటు తీసి దానికే అంటించింది.

"లేచింది కదండీ, పనిలో పనిగా నా పర్మిట్టు కూడా..." అని తాబేలు నసిగింది.

"మెమో అందుకున్నవాళ్ళు జవాబిచ్చేదాకా పని ముట్టుకోకూడదమ్మా," అంది ఎలుగుబంటి.

వారమైనా కంప్యూటర్ జవాబివ్వలేదు. ఇంత పొగరు తన సర్వీసులో చూడలేదని ఎలుగుబంటి ఫైల్లో రాసుకుంది. మడుగులో బురదే మిగిలిందని కబురొచ్చింది. తాబేలు ఏడ్చి, ఏడ్చి, చివరికి కంప్యూటర్లు బాగుచేసే నక్కని బతిమాలి తీసుకొచ్చింది.

నక్క సెట్టింగులు తెరిచి, నిద్ర అన్నచోట 'ఎప్పటికీ వద్దు' అని పెట్టింది. మళ్ళీ ఎప్పుడైనా మొండికేస్తే పెద్ద మీటని పది క్షణాలు వదలకుండా నొక్కిపట్టమంది. అర నిమిషంలో పర్మిట్టు ప్రింటయింది. ఇక సంతకమే తరువాయి.

తీరా చూస్తే ఎలుగుబంటి గుర్రుపెడుతోంది. మంచుదేశాల ఎలుగుబంట్లు చలికాలమంతా పడుకుంటాయని అదెక్కడో చదివింది. మనకి అంత చలి లేదు కనక ఆ సెలవుని ఎండాకాలానికి మార్చి, తనకి తానే మంజూరు చేసుకుంది. ఏటా జరిగేదే. కంప్యూటర్ పనిచెయ్యడం లేదన్న బోర్డు ఉండేది కనక ఇన్నాళ్ళూ ఎవరూ లోపలికి తొంగి చూడలేదు.

తాబేలు పిలిచింది, తట్టింది. లాభం లేదు. బురదలో పిల్లలు గుర్తొచ్చి దానికి ఒళ్ళు మండింది.

"ఈయనకి మీట ఎక్కడుంటుంది బాబూ?" అని నక్కనడిగింది.

నక్క ముక్కు చూపించింది. తాబేలు ఆ ముక్కు కరిచిపట్టి పది క్షణాలు వదల్లేదు.

ఎలుగుబంటి లేచి, కళ్ళు తెరవకుండానే ముందున్న రెండు కాగితాల మీదా సంతకాలు గిలికి మళ్ళీ పడుకుంది. ఒకటి పర్మిట్టు. రెండోది కుందేలు అప్పుడే కొట్టిన మెమో. డ్యూటీలో నిద్రపోయిన సూపరింటెండెంట్ జవాబిచ్చేదాకా ఏ పనీ ముట్టుకోకూడదని అందులో ఉంది.

తాబేలు పిల్లలతో నది చేరింది. ఎలుగుబంటి జవాబు ఇంకా రాలేదు. ఆఫీసులో పనులు మాత్రం చకచకా అయిపోతున్నాయి.

నీతి: ఆఫీసులో కంప్యూటర్ నిద్రపోతుంటే బాగుచేయించకండి, పక్కన ఇంకెవరు నిద్రపోతున్నారో బయటపడుతుంది.