పాతదాన్ని తీసేసి కొత్తది

ఆ పొద్దున శాస్త్రవేత్తగారి పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, అణు ప్రయోగశాలకు వెళ్ళాలి, ఒక పైపుముక్క అబద్ధమాడుతోందని నిరూపించాలి.

మోచేతిలా వంగిన ఉక్కు పైపుముక్క అది. విద్యుత్కేంద్రంలో ఏళ్ళ తరబడి ఆవిరి మోసింది. దాని తోడపుట్టినవి ఇంకా అక్కడే, పనివాళ్ళ నెత్తిమీద, ఆవిరి మోస్తూనే ఉన్నాయి. లోపల ఒత్తిడి పేరుకుపోయింది, ఏదో ఒకరోజు పగులుతాయని ఆయన అనుమానం. ఇంకో పదేళ్ళు ఢోకా లేదని కేంద్రం ఇంజనీరు నమ్మకం. ఆ ఇంజనీరు దేనికైనా "ఏం ఫర్వాలేదండీ" అనేవారు కాబట్టి అందరూ ఆయన్ని ఫర్వాలేదుగారనే పిలిచేవారు.

ఉక్కును కోయకుండా లోపల చూడాలంటే న్యూట్రాన్లు కావాలి. అవి లోహంలోకి దూరి, చెదిరి బయటికొచ్చి, లోపల పరమాణువుల వరసలు ఎంత సాగిపోయాయో చెబుతాయి. రియాక్టరు దగ్గర రెండు రోజుల న్యూట్రాన్ల కోసం శాస్త్రవేత్తగారు ఏడాదిగా వరసలో నిలబడ్డారు. ఆ రెండు రోజులు ఇవాళా, రేపూ.

కాఫీ గ్లాసు పట్టుకోగానే ఫోను మోగింది. ఫర్వాలేదుగారు.

"పైకి ఏముందండీ, నిగనిగలాడుతూనే ఉంది" అన్నారు శాస్త్రవేత్తగారు. "లోపలంతా ఒత్తిడే. ఇరవై ఏళ్ళు వేడిలో మగ్గింది, ఇంకెన్నాళ్ళని ఓర్చుకుంటుంది? ఏదో ఒకరోజు భళ్ళున పగుల్తుంది, పక్కనున్నవాడి పని ఆఖరు. నా మాట వినండి, పాతదాన్ని తీసేసి కొత్తది తెచ్చుకోవడమే సుఖం. సరే, ఇవాళా రేపూ నేను దాంతోనే ఉంటాగా, తేల్చేస్తాను."

మన భాషలో ఆడవాళ్ళకీ సామాన్లకీ క్రియ ఒకటే. ఆవిడా వచ్చింది, బస్సూ వచ్చింది. ఈ పొదుపు ఏ మహానుభావుడు చేశాడో గానీ, దాని ఖర్చంతా ఆ పొద్దున శాస్త్రవేత్తగారి నెత్తిన పడింది. పక్కగదిలో ఆయన భార్య చెప్పులేసుకుంటోంది. వీధి చివర ఆవిడకో బేకరీ ఉంది. పొయ్యి ముందు ఆవిడ నిలబడి సరిగ్గా ఇరవై ఏళ్ళయింది.

ఆవిడ భర్తను ఏమీ అడగలేదు. అడిగితే పరమాణువులతో మొదలుపెట్టి చెబుతారని అనుభవం. ఆయన వెళ్ళాక ప్రయోగశాలకు ఫోన్ చేసింది. ఆయన కింద పనిచేసే పరిశోధకురాలు ఎత్తింది.

"అమ్మాయీ, మీ సారు అక్కడ ఎవరితోనో ఉంటారటగా. కొత్తదా?"

ఆ అమ్మాయి పొంగిపోయింది. తమ పని గురించి వాకబు చేసిన మొదటి కుటుంబ సభ్యురాలు మరి.

"కొత్తది ఇంకా రాలేదు మేడమ్. ఇప్పుడు లోపలున్నది పాతదే. నిన్న లారీలో వచ్చింది. అప్పట్నుంచీ సారు దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు."

"లారీలోనా?"

"బరువు కదండీ. ఇంకాసేపట్లో కిరణం ముందు పెట్టేస్తాం."

"పెడితే ఏమవుతుంది?"

"లోపలిదంతా బయటపడుతుందండీ" అంది ఆ అమ్మాయి గర్వంగా.

ఫోను పెట్టేసేసరికి ఆవిడకు కోపం సగమై, ఆ సగంలోకి జాలి వచ్చి చేరింది. ఎవరి కూతురో ఏమో, లారీలో తోలుకొచ్చారు. ఆవిడ తమ్ముడికి కబురు పెట్టింది. అతను ప్లీడరు. కోర్టులో ఏనాడూ గొంతెత్తే అవకాశం రాలేదు గనక బయట ఎక్కడ దొరికితే అక్కడ ఎత్తుతాడు.

"అక్కా, నువ్వు మాట్లాడకు. నేను చూసుకుంటా" అన్నాడు. చూసుకున్నాడు కూడా.

ప్రయోగశాల గేటు దగ్గర కాపలాదారు నిదానస్థుడు. ప్లీడరు అతని బల్ల మీద గుద్ది, "లోపల ఒక ఆడమనిషి ఉంది. దాన్ని మా బావ కిరణాల ముందు పెడుతున్నాడు. ఆపుతావా, నిన్నూ కోర్టుకీడ్చమంటావా?" అన్నాడు.

కాపలాదారుకు కోర్టంటే భయం లేదు, నిబంధనలంటే ఉంది. కిరణం దారిలో మనిషి ఉన్నట్టు ఎవరైనా చెబితే ముందు ఎర్రమీట నొక్కాలి, తర్వాత ఆలోచించాలి. అతను ముందు పని చేశాడు.

సైరన్ కూసింది. రియాక్టరు ఆగింది. ఈ రియాక్టరు స్వభావం అలిగిన కోడలి స్వభావమే, అర్ధాంతరంగా ఆపితే బతిమాలినా వెంటనే వెలగదు. రెండు రోజులు మూతి ముడుచుకుని కూర్చుంటుంది. సరిగ్గా శాస్త్రవేత్తగారి రెండు రోజులు.

ఆ క్షణంలో, పరీక్ష చూడ్డానికి వచ్చిన ఫర్వాలేదుగారు రియాక్టరు హాల్లో తోపుడుబండి మీదున్న పైపును బిడ్డ వీపు నిమిరినట్టు నిమురుతూ, "ఇంకో పదేళ్ళు ఏం ఫర్వాలేదండీ" అంటున్నారు. సైరన్ వినగానే అందరికన్నా ముందు పరుగెత్తింది ఆయనే. ఆయన కాలు బండికి తగిలింది, పైపు సిమెంటు నేల మీద పడింది, అతుకు దగ్గర టప్పున రెండుగా విచ్చుకుంది. నడుమెత్తు నుంచి పడితే మంచి ఉక్కుకు సొట్టయినా పడదు.

చేతిలో ఏమీ పట్టుకోకుండా బయటికి రావాలన్నది నిబంధన. శాస్త్రవేత్తగారు ఒక ముక్కను చంటిపిల్లలా ఎత్తుకుని వచ్చారు. గేటు దగ్గర భార్య కనిపించింది.

"ఏదీ ఆ మనిషి?" అంది ఆవిడ.

"ఏ మనిషి?"

"ఇరవై ఏళ్ళు వేడిలో మగ్గింది, తీసేసి కొత్తది తెచ్చుకుంటానన్నారే. ముందు నేనే అనుకున్నా. తర్వాత ఇంకెవరో అని తెలిసింది."

శాస్త్రవేత్తగారు చేతుల్లో ఉన్న ఉక్కును చూశారు, భార్యను చూశారు. "ఇదే" అన్నారు.

ఆవిడ దగ్గరికొచ్చి పగులు మీద వేలితో రాసింది. "లోపల ఇంత పెట్టుకుని పైకి అంత నున్నగా ఉందా" అంది మెల్లగా. ప్లీడరు తన సంచీలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఫర్వాలేదుగారు కూడా ఆ పగులును చూశారు. వెంటనే ఫోను తీశారు. "ఆవిరి ఆపేయండి. పైపుల కింద ఎవరున్నా బయటికి పంపండి... లేదండీ, ఫర్వాలేదు కాదు. ఇప్పుడే."

ఏడాది వరసలో నిలబడి తెచ్చుకున్న న్యూట్రాన్లలో ఒక్కటీ ఖర్చు కాలేదు. పగలాల్సింది ఆవిరి లేనిచోట, కింద ఎవరూ లేనప్పుడు పగిలింది. శాస్త్రవేత్తగారికి అది చాలనిపించింది. పై అధికారులకు రియాక్టరు ఆగిన కారణం ఏం చెప్పాలో మాత్రం తోచలేదు. వ్యాకరణం అని చెబితే నమ్మరు.

ఇంటికి వెళ్ళే దారిలో భార్య, "నా లోపల ఒత్తిడి కొలవడానికి మీ దగ్గర యంత్రం లేదా?" అని అడిగింది.

"ఎందుకు లేదు? సైరన్ విన్నావుగా" అన్నారాయన.

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ అలక ఇల్లు చేరేలోపే తీరిపోయింది.

రియాక్టరుది మూడోరోజుకి తీరింది.