నలభై రెండు గ్రెయిన్ల మందు

ఎల్క్ అనే పెద్ద దుప్పుల వేటకు అది ఆ ఏటి ఆఖరి ఆదివారం. ఆ ఉదయం ఆర్డిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. వెర్లిన్ తుపాకీతో, వెర్లిన్ నింపిన తూటాతో, వెర్లిన్ పద్ధతిలో ఒక ఆడ ఎల్క్‌ను కొట్టాలి. ఫ్రీజర్‌లో ఆయన చేతిరాతతో మిగిలిన ఒకే ఒక్క మాంసం పొట్లం పక్కన కొత్త పొట్లాలు పేర్చాలి. అంతే.

వెర్లిన్ ఆమె భర్త. ఏప్రిల్‌లో క్యాన్సర్‌తో పోయాడు. పోవడానికి నెల ముందు ఆమె పేరు మీద వేట పర్మిట్‌కు దరఖాస్తు పెట్టాడు. నాలుగేళ్ళ కిందట భుజానికి ఆపరేషన్ అయ్యాక ఆమె వేట మానేసింది కాబట్టి, పాత అలవాటు కొద్దీ పెట్టి ఉంటాడని అనుకుంది. జూన్‌లో లాటరీ తగిలి పర్మిట్ వచ్చింది. దాన్ని పట్టుకుని వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చి, వెళ్ళి తీరాలని నిశ్చయించుకుంది.

ఇక్కడే తమ్ముడు డెల్మర్ రంగంలోకి దిగాడు. డెల్మర్ చాలా మంచివాడు. ఆ లోయలో జరిగే అనర్థాల్లో సగం అతని మంచితనం వల్లే జరుగుతుంటాయి.

"అక్కా, బావ టూ సెవెంటీ తుపాకీ పిట్టలు కొట్టుకోడానికి పనికొస్తుంది. నా పెద్ద తుపాకీ, మాగ్నమ్, తీసుకెళ్ళు. ఐదొందల గజాల్లో ఉన్నా పడుకోబెట్టేస్తుంది."

"ఐదొందల గజాల నుంచి కొట్టడం వేట కాదురా, ఉత్తరం రాయడం. అందిందో లేదో తెలీదు. మీ బావ ఎన్నిసార్లు చెప్పలేదు?"

"ముప్పై ఏళ్ళు అదే గొడవ పడ్డాడు నాతో."

"ఏటా మా ఫ్రీజర్ నిండింది. మరి నీది?"

డెల్మర్ మాగ్నమ్‌ను తిరిగి దాని సంచిలో పెట్టేశాడు.

వెర్లిన్ ఫిబ్రవరిలో నింపిన ఇరవై తూటాల పెట్టె గ్యారేజీలో అలాగే ఉంది. దాన్ని తెరవడానికి ఆర్డిస్‌కు చేతులాడలేదు. "నువ్వే తీసివ్వరా" అంది. అసలు చిక్కు అక్కడే పడింది. తూటాలు ఇంట్లో నింపుకునేవాళ్ళు పెట్టె మూత లోపల ఒక చీటీ అంటిస్తారు. ఏ బుల్లెట్, ఎంత తుపాకీ మందు, నింపిందెవరు, అన్నీ దానిమీద ఉంటాయి. డెల్మర్ మూత తీసి పై వరుస చదివాడు. మందు నలభై రెండు గ్రెయిన్లు (తూటా మందును గ్రెయిన్లలోనే తూస్తారు). బావ ముప్పై ఏళ్ళుగా వేసేది యాభై ఐదు! పాపం, జబ్బుతో చెయ్యి వణికి తూకం తప్పాడన్నమాట.

ఆఖరిసారిగా చేసిన పనిలో భర్త పొరపాటు చేశాడని అక్కకు ఎలా చెప్పడం? చెప్పలేక, పెట్టెను తుపాకులు బాగుచేసే థర్లో దగ్గరికి పట్టుకెళ్ళాడు. థర్లో కూడా ఒక తూటా విప్పి, మందు తూచి, తక్కువే అన్నట్టు తల ఊపాడు. ఇద్దరూ కలిసి ఇరవై తూటాలూ పీకేసి, లోపలి మందు తీసేశారు. డెల్మర్ కంపెనీ తూటాలు కొని ఆ పెట్టెలో సర్దాడు. అవి తళతళలాడుతున్నాయి. అక్క ఇట్టే పట్టేస్తుందని, మళ్ళీ తీసి, రెండు రోజులు తడి కాఫీ పిప్పిలో పొర్లించి, తుడిచి పెట్టాడు.

అతను అందించిన తూటాను ఆర్డిస్ వాసన చూసింది. "కాఫీ వాసన. మీ బావ కాఫీ పక్కన పెట్టుకునే నింపేవాడు" అంటూ కళ్ళు తుడుచుకుంది. డెల్మర్‌కు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

గురి చూసుకోవడానికి మైదానంలో మూడు పేల్చింది. తుపాకీ వెనక్కి తన్నే దెబ్బకు మూడోదానికి భుజం కమిలిపోయింది.

"ఆయన తూటాలు ఇంతలా తంతాయని గుర్తే లేదురా."

"బావ చెయ్యంటే మాటలా అక్కా!" అనేశాడు డెల్మర్. అబద్ధం ఒకసారి మొదలయ్యాక దానికి అన్నం పెట్టి పోషించాల్సింది మనమే.

అలా వచ్చింది ఆఖరి ఆదివారం. మోకాలి లోతు మంచులో అక్కాతమ్ముళ్ళు కొండెక్కారు. పదిన్నరకు ఎదుటి వాలు మీద ఎల్క్‌ల మంద కనబడింది.

"నాలుగొందల గజాలు. కొట్టెయ్యక్కా!"

"నోర్మూసుకుని ఇక్కడే కూర్చో."

అరవై ఏడేళ్ళ మనిషి, కమిలిన భుజంతో, గంటన్నర సేపు పాకింది. నూట నలభై గజాల్లో ఒక ఆడ ఎల్క్ పక్కకు తిరిగి నిలబడింది. అంతకన్నా మంచి అవకాశం వెర్లిన్‌కు కూడా దొరికి ఉండదు. గురి పెట్టింది. వేలు బిగుస్తుంటే భుజానికి ఆ మూడు దెబ్బలూ గుర్తొచ్చాయి. కళ్ళు వాటంతటవే మూసుకున్నాయి. తుపాకీ పేలింది. మంద మొత్తం శిఖరం దాటిపోయింది.

"తగల్లేదక్కా, నేను చూశా. పోదాం పద."

"కొట్టాక మూడు గంటలు వెతకాలి. దెబ్బతిన్నదాన్ని కొండ మీద వదిలేసి ఇంటికెళ్ళి అన్నం తినగలవా?"

అది వెర్లిన్ నియమం. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని మంచులో నెత్తుటి చుక్క కోసం, వెంట్రుక కోసం వెతికారు. రెండో గంట గడిచాక ఆర్డిస్ చేతి తొడుగులతో మొహం కప్పుకుంది.

"తప్పు ఆయన మీదే వేశాను చూడు. ఎందుకింత గట్టిగా నింపావయ్యా అని తిట్టుకున్నాను."

డెల్మర్ ఇక ఆగలేకపోయాడు. తూకం, థర్లో, కాఫీ పిప్పి, అన్నీ కక్కేశాడు. నమ్మదేమోనని సంచిలోంచి పెట్టె తీసి మూత తెరిచి చూపించాడు. "చూడక్కా, నలభై రెండు! పాపం బావకి తెలీలేదు."

ఆర్డిస్ కళ్ళజోడు పెట్టుకుంది. పై వరుస చదివింది. ఆమె కింది వరుసలు కూడా చదివే మనిషి.

"ఆర్డిస్ కోసం. తక్కువ మందు, భుజానికి తగలదు. నూట యాభై గజాల లోపే కొట్టాలి. డెల్మర్ మాట వినొద్దు."

ఆమె మంచులోనే చతికిలబడింది. నాలుగేళ్ళుగా ఒక్కడే కొండకు వెళ్ళొస్తుంటే, తను లేకపోవడమే ఆయనకు హాయిగా ఉందనుకుంది. ఆ మాట లోపల పెట్టుకునే ఆయన్ను సాగనంపింది.

"నువ్వూ రావే అని ఒక్కసారి నోటితో అనుంటే ఏం పోయేది?" అంది పెట్టెతో. తర్వాత తమ్ముడివైపు తిరిగింది. "ఆయన నింపినవి ఏవిరా?"

"పీకేశాం కదక్కా."

"మందు?"

"థర్లో వాళ్ళావిడ... గులాబీ మొక్కలకి ఎరువుగా వేసింది."

ఆర్డిస్ నవ్వింది. నవ్వు మధ్యలో ఏడుపుగా మారింది. ఆయన వేళ్ళు తాకిన ఆఖరి వస్తువులవి. డెల్మర్ కూడా ఏడ్చాడు. ఏడుస్తూనే ఇద్దరూ మూడో గంట కూడా పూర్తిగా వెతికారు. నెత్తురు లేదు, వెంట్రుక లేదు. శుభ్రంగా గురి తప్పింది. చీకటితోపాటు ఆ ఏటి వేట కూడా ముగిసింది. ఫ్రీజర్‌లో పాత పొట్లం ఒంటరిగానే ఉండిపోయింది.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆర్డిస్ తమ్ముణ్ణి గ్యారేజీకి పిలిచి, వెర్లిన్ బల్ల ముందు కూర్చోబెట్టింది. చీటీ ఎదురుగా పెట్టింది. జన్మలో తక్కువ మందు ముట్టని ఆ మాగ్నమ్ భక్తుడు, ఊపిరి బిగబట్టి ఇరవైసార్లు నలభై రెండు గ్రెయిన్లు తూచాడు. ఆమె పక్కన కాఫీ పెట్టి నిలబడి, ప్రతిదీ మళ్ళీ తూయించింది.

చివర్న కొత్త చీటీ మీద, నింపినవారి పేరు దగ్గర డెల్మర్ "వెర్లిన్" అని రాశాడు. దాని కింద చిన్న అక్షరాలతో "కూలి: డెల్మర్" అని చేర్చాడు.