అజ్ఞాత కార్మికుడి కేరేజీ

ఖరగ్‌పూర్‌లో కొత్తగా తెరిచిన కార్మిక మ్యూజియంలో ఇకపై వస్తువులను ఊరికే చూసి పోరాదనీ, కులమత భాషాభేదాలు లేకుండా ప్రతి సందర్శకుడూ చలించి తీరాలనీ యాజమాన్యం పెద్దమనసుతో ప్రకటించింది. చలించినవారి సౌకర్యార్థం ప్రతి గది గుమ్మం దగ్గర కన్నీటి బొట్టు బొమ్మతో ఒక బటన్, చిరునవ్వు బొమ్మతో మరొకటి అమర్చారు. ఏదో ఒకటి నొక్కనివారిని బయటికి వదలవద్దని గార్డు గిరిబాబుకు లిఖితపూర్వక ఉత్తర్వులున్నాయి.

ట్రాఫిక్ కాలనీ నూకాలమ్మ మొదటి ఆదివారమే వచ్చింది. కరుణరస గదిలో, నీలి దీపం కింద, గాజుపెట్టెలో తన పెళ్లినాటి కేరేజీ కనిపించింది. మొగుడు ముప్పై ఏళ్లు రైల్వే వర్క్‌షాపుకు అన్నం పట్టుకెళ్లిన కేరేజీ అది. ఆయన పోయాక లాకర్లోనే ఉండిపోయింది. పక్కనున్న కార్డును గిరిబాబు హిందీలో చదివి చెప్పాడు: "అజ్ఞాత కార్మికుడు. మూత మీది చుక్కల ముగ్గు అతని సౌందర్యదాహానికి నిదర్శనం."

"ముగ్గేటి బాబూ! పలాసలో కొట్టించిన ఆయన పేరది. సదువు!"

"తెలుగు మాటాడతాను గానీ సదవడం రాదత్తా. నువ్వే సెప్పు."

"మొగుడి పేరు నోటితో సెప్తారేటి?"

సంగతి సహానుభూతి అధికారి దాకా వెళ్లింది. ఆయన పెన్ను తీసి, పేరు చెప్పమన్నాడు. నూకాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాపురం చేసినన్నాళ్లూ పలకని పేరు. చివరికి కళ్లు మూసుకుని అనేసింది.

"పైడిరాజు! రాయండి దాదా, పైడిరాజు!"

అని బావురుమంది. అధికారి పులకించిపోయి ఫొటో తీయించాడు. పెన్ను మాత్రం జేబులో పెట్టుకున్నాడు.

"పేరు రాస్తే ఆయన మీ ఒక్కరివాడైపోతాడు దీదీ. పేరు లేకపోతే అందరివాడు. నిన్న అజ్ఞాతుడికి మూడువందల కన్నీళ్లు పడ్డాయి. పక్కగదిలో పేరున్న ఫిట్టరుకు పదకొండే!"

వారం తిరిగేసరికి కేరేజీ పక్కన ఏడుస్తున్న నూకాలమ్మ ఫొటో వెలిసింది. కింద మూడు భాషల్లో "చలించిన అజ్ఞాత సందర్శకురాలు" అని రాసి ఉంది. అప్పటినుంచి ఆవిడ ప్రతి ఆదివారం వచ్చి, గాజుపెట్టె ముందు నిలబడి, వచ్చినవారందరికీ మొగుడి పేరు చెబుతోంది.

మొన్న మనమూ వెళ్లాం. ఆ ఫొటో చూసి గుండె చెరువై, కన్నీటి బటన్ రెండుసార్లు నొక్కాం. అంతకుముందు, గాజుపెట్టె దగ్గర నిలబడి ఏదో పేరు గొణుగుతున్న ముసలావిడను, ఫొటో సరిగా కనబడటం లేదని, కాస్త పక్కకు జరగమన్నాం.