అయిదు గుమ్మాలు, ఒక నక్షత్రం

ఆ శనివారం ఉదయం లేలండ్ క్లెంప్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ కాచుకోవాలి, వంటగది బల్ల దగ్గర కూర్చోవాలి, తన సినిమా గురించి లోకం ఏమంటోందో చదువుకోవాలి, ఆ తర్వాత ష్మిట్ గారింట్లో కారుతున్న గొట్టం బిగించడానికి వెళ్ళాలి. లేలండ్ వృత్తి ప్లంబింగు. దర్శకత్వం ఈమధ్య తగులుకున్న జబ్బు.

సినిమా పేరు ‘అయిదు గుమ్మాలు’. హాలోవీన్ రోజున మిఠాయిల కోసం ఇల్లిల్లూ తిరిగే ఒక పిల్ల అయిదు తలుపులు తడుతుంది. తలుపుకొక దయ్యం కథ. విస్కాన్సిన్‌లోని ఆ చిన్న ఊళ్ళో నటించనివాడు పాపాత్ముడన్నట్టు అందరూ నటించారు. నెత్తురుకి బీట్‌రూట్ రసం, ఎముకలకి ప్లాస్టిక్ గొట్టాలు, పిశాచానికి ఎవరిదో పెళ్ళినాటి సూటు. కాకిపిల్ల కాకికి ముద్దు కనక, లేలండ్ కళ్ళకి అది కళాఖండంలాగే కనిపించింది.

దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టాక, ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క సినిమాహాలు యజమాని ఆగీ టెష్ దగ్గరికి వెళ్ళాడు. హాలోవీన్ సాయంత్రం దాన్ని తెరమీద వేయమని బతిమాలాడు.

"చూసినవాళ్ళు అయిదుకి మూడు నక్షత్రాలైనా ఇస్తే వేస్తా," అన్నాడు ఆగీ. "లేదంటే ఏటా వేసే పాత దయ్యాన్నే వేసుకుంటా. నా పాప్‌కార్న్ అమ్ముడుపోవద్దూ?"

చిక్కేమిటంటే, మీ మొహాలు పెద్ద తెరమీద చూపిస్తానని లేలండ్ ఊరందరికీ అప్పటికే మాట ఇచ్చేశాడు. అందరికన్నా ముందు భార్య డోరీన్‌కి ఇచ్చాడు. నాలుగో కథలో మంత్రగత్తె ఆవిడే. జనవరి చలిలో, పొయ్యి లేని పశువుల కొట్టంలో, పల్చటి నల్లగౌనుతో రోజంతా నిలబడింది. కాళ్ళు కొంకర్లు పోయినా "ఇంకోసారి తీద్దామా?" అని తనే అడిగింది. ఇప్పుడా సాయంత్రం కోసం కొత్త బూట్లు కొనుక్కుని, పెట్టె విప్పకుండా దాచుకుంది. ఆ పెట్టె కనబడినప్పుడల్లా లేలండ్ మొహం పక్కకి తిప్పుకునేవాడు.

కాఫీ చల్లారిపోయింది కానీ అభిప్రాయాలు వేడిగానే ఉన్నాయి. "మొదటి కథలో శవం తుమ్మింది. రెండు నక్షత్రాలు," అని ఒకరు. "నిజంగా వణికిపోయాను, ఇంకా నాలుగు కథలున్నాయని తెలిసినప్పుడు," అని ఇంకొకరు. "మా కుక్క చివరిదాకా చూసింది, నేను చూడలేకపోయాను. ఈ మూడు నక్షత్రాలూ కుక్కవి," అని మరొకరు. సగటు రెండున్నర. మూడుకి అరడుగు దూరం. ఆ అరడుగు అత్తగారు హిల్డెగార్డ్ దాటిస్తుందని లేలండ్‌కి తట్టింది.

హిల్డెగార్డ్ సామాన్యురాలు కాదు. ఏటా వేసవిలో జరిగే కౌంటీ జాతరలో కేకులకీ, జాములకీ, దోసకాయ ఊరగాయలకీ బహుమతులు నిర్ణయించే ఆడవాళ్ళ బృందానికి పెద్ద. ఆవిడ నాలిక మీద పడి బతికి బయటపడ్డ ఊరగాయ ఆ చుట్టుపక్కల అరుదు.

"అత్తయ్యా, మీరూ మీ బృందం వాళ్ళూ సినిమా చూసి నాలుగు మంచి మాటలు రాయాలి. నచ్చితేనే సుమండీ," అన్నాడు ఫోనులో.

"నచ్చకపోవడమేమిటి నాయనా, అందులో ఉన్నది నా కూతురు! అందరిచేతా అత్యున్నత స్థానం ఇప్పిస్తాను. నువ్వెళ్ళి గొట్టాలు బిగించుకో."

ఆదివారం చర్చి అయ్యాక ఆడవాళ్ళందరూ హిల్డెగార్డ్ ఇంట్లో చేరి సినిమా చూశారు, చప్పట్లు కొట్టారు, తలా ఒక ముక్క రాశారు. సోమవారం ఉదయం లేలండ్ ఈల వేసుకుంటూ కంప్యూటరు తెరిచాడు. ఈల సగంలో ఆగిపోయింది.

"ఇంత గొప్ప సినిమా నా జన్మలో చూడలేదు. ఒక నక్షత్రం." "శవం తుమ్మడం ఎంత సహజంగా ఉందో! ఒక నక్షత్రం." "మంత్రగత్తె తల్లిగా గర్వపడుతున్నాను. ఒకే ఒక్క నక్షత్రం, ఇంతకన్నా ఇవ్వడానికి వీల్లేదు." వరసగా అందరిదీ అదే తీర్పు. సగటు ఒకటిన్నర కిందికి జారి కూర్చుంది.

లేలండ్ పరుగున అత్తగారింటికి వెళ్ళాడు. "కొంప ముంచారత్తయ్యా! ఒకటంటే అన్నిటికన్నా అధమం. అయిదు ఇవ్వాలి, అయిదు!"

"అయిదా?" హిల్డెగార్డ్ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. "ముప్ఫై ఏళ్ళుగా జాతరలో రిబ్బన్లు గుచ్చుతున్నాను. ఒకటంటే నీలం రిబ్బను, అన్నిటికన్నా మేలు. అయిదో స్థానానికి రిబ్బనే ఉండదు. ‘వచ్చినందుకు సంతోషం’ అని చెయ్యి కలిపి పంపేస్తాం. నా కూతురికి అయిదిమ్మంటావా?"

"అది జాతర అత్తయ్యా, ఇది ఇంటర్నెట్!"

"ఊరగాయకో న్యాయం, సినిమాకో న్యాయమా?"

"పోనీ, ఇప్పుడైనా మార్చండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాళ్ళు పట్టుకోకు, కీళ్ళనొప్పులు. గుచ్చిన రిబ్బను పీకడం మా ఇంటావంటా లేదు. సొంత చెల్లెలి ఊరగాయకి మూడో స్థానమిస్తే రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. మార్చానా?"

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. కానీ లేలండ్ అడుసులోనే బతుకుతెరువు చూసుకున్న మనిషి. ఆ మధ్యాహ్నం వ్యాన్‌లో కూర్చుని, ‘మిల్వాకీ విమర్శకుడు’ అని కొత్త పేరు పెట్టుకుని, తన సినిమాని తానే సమీక్షించుకున్నాడు. అంత పెద్ద నగరం నుంచి మెప్పు వచ్చిందంటే ఊరు నోరు మూసుకుంటుందని అతని లెక్క.

"దర్శకుడు అసాధ్యుడు," అని మొదలుపెట్టాడు. రాస్తుంటే తనకే ఒళ్ళు పులకరించింది. "రెండో కథలో పిల్లల ఈతతొట్టిలో డ్రై ఐస్ వేసి పొగమంచు పుట్టించిన తీరు అమోఘం. అయిదు నక్షత్రాలు." చదువుకుంటే మరీ భజనలా ఉంది. నమ్మకం కుదరాలంటే ఒక్క లోపమైనా ఎత్తిచూపాలి. మొదటి కథలో శవం ఊరి పోలీసు అధికారి, ఆయన్ని అనలేడు. రెండో కథలో దయ్యం బ్యాంకులో అప్పులిచ్చే ఆయన. మూడో కథలో పిశాచం వేసిన ష్మిట్ ఇంట్లో గొట్టం పని ఇంకా మిగిలే ఉంది. అయిదో కథలో వేషం లేలండ్‌దే, అందులో లోపం ఎంత వెతికినా దొరకలేదు. ఇక మిగిలింది నాలుగో కథ. డోరీన్ ఇలాంటివి చదవదులే అనుకుని, "మంత్రగత్తె మాత్రం కొయ్యబొమ్మలా బిగుసుకుపోయింది," అని చేర్చి పంపేశాడు.

ఆ సాయంత్రం డోరీన్ బంగాళదుంపల గిన్నె పట్టుకుని, రెండో చేతిలో ఫోనుతో వచ్చింది.

"కొయ్యబొమ్మట! ఎవడు లేలండ్ వీడు?"

"ఎవడో మిల్వాకీవాడు. పట్టించుకోకు."

"పట్టించుకోకా? ఊరూపేరూ లేనివాడు నీ పెళ్ళాన్ని కొయ్యబొమ్మంటే నీకు కోపం రాదూ?"

"వస్తోంది," అన్నాడు లేలండ్ తేలుకుట్టిన దొంగలా. "లోపల్లోపల వస్తోంది."

అప్పుడే ఫోను చేసిన హిల్డెగార్డ్ గొంతు వంటగదంతా వినిపించింది. "వాణ్ణి ఒక్కసారి నా ఎదుట నిలబెట్టవే, మిగతాది నేను చూసుకుంటాను!" ఫోను పెట్టేశాక డోరీన్ ఆ సమీక్ష మళ్ళీ మొదటినుంచీ చదివింది. పొగమంచు దగ్గర కాసేపు ఆగింది. తర్వాత భర్తకి బంగాళదుంపలు వడ్డించింది. గండం గడిచిందని లేలండ్ ఇంకో ముద్ద ఎక్కువే తిన్నాడు.

మర్నాడు ఆగీ టెష్ హడావిడిగా ఫోను చేశాడు. "చూశావా? మిల్వాకీ విమర్శకుడు మనల్ని మెచ్చుకున్నాడు! ఇక ఆ నక్షత్రాలు ఏ గంగలో కలిస్తే నాకేం? ఆయన స్టేజీ ఎక్కి రెండు మాటలు చెప్తే నీ సినిమా వేస్తా. సమీక్ష కిందే రాశా, రమ్మని."

"ఆయన రాలేకపోతే?"

"పాత దయ్యమే!"

లేలండ్ పెనం మీంచి పొయ్యిలోకి తనంతట తనే దూకాడు. ‘మిల్వాకీ విమర్శకుడు’ పేరుతో "తప్పక వస్తాను, నాకు వెన్న పూసిన పాప్‌కార్న్ ఇష్టం," అని జవాబు రాశాడు. బొమ్మ ఎలాగూ మొదట పడుతుంది, ఉపన్యాసం తర్వాతే కదా; అప్పటికి విమర్శకుడికి జలుబు చేయిద్దామని ధైర్యం. ఆగీ ఊరంతా పోస్టర్లు అంటించాడు. టికెట్లన్నీ అమ్ముడుపోయాయి. సగంమంది విమర్శకుణ్ణి చూడటానికి కొన్నారు. మిగతా సగం హిల్డెగార్డ్ ఆయన్ని ఏం చేస్తుందో చూడటానికి కొన్నారు.

హాలోవీన్ నాడు వేషాలమీద ఉన్నికోట్లు తొడుక్కున్న పిల్లలు మధ్యాహ్నమే ఇళ్ళన్నీ చుట్టేశారు. సాయంత్రానికి మిఠాయి సంచులతో సహా హాల్లో కూర్చున్నారు. బొమ్మ మొదలైంది. శవం తుమ్మగానే హాలు గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది ఆ శవం వేసిన పోలీసాయనే. బ్యాంకు దయ్యం గోడలోంచి వస్తూ గోడనే పడేసింది. పిశాచం సూటు గుండీ తెగి ఎగిరిపోయింది. లేలండ్ కుర్చీలో అంగుళం అంగుళం కిందికి జారసాగాడు. భయానికి తీసిన సినిమా ఇంత నవ్విస్తుందని తెలిస్తే హాస్యమని పేరు పెట్టుకుని బతికిపోయేవాణ్ణి కదా అనుకున్నాడు.

నాలుగో తలుపు తెరుచుకుంది. చీకటి కొట్టంలో డోరీన్ నిలబడి ఉంది. కదల్లేదు. రెప్ప వేయలేదు. చలికి బిగుసుకుపోయిన ఆ మొహం నెమ్మదిగా, చాలా నెమ్మదిగా జనం వైపు తిరిగింది. హాల్లో పాప్‌కార్న్ నమిలే చప్పుడు ఆగిపోయింది. ముందు వరసలో ఎవరో కెవ్వుమన్నారు, ఆ వెంటనే హాలంతా కేకలు వేసింది. ఎడిటింగులో వందసార్లు చూసినా లేలండ్‌కి కనబడనిది ఇప్పుడు కనబడింది: ఆ సినిమాలో భయమంటూ ఉంటే అది ఆవిడ దగ్గరే ఉంది. దాన్నే తను కొయ్యబొమ్మ అన్నాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పక్కకి చూస్తే కొత్త బూట్లు వేసుకున్న డోరీన్ తెరమీది తనని చూసుకుంటూ మెరిసిపోతోంది.

అయిదో కథకి మళ్ళీ నవ్వులే. దీపాలు వెలిగాక ఆగీ స్టేజీ ఎక్కాడు. "ఇప్పుడు మిల్వాకీ విమర్శకుడు మాట్లాడతారు! ఎక్కడున్నారండీ?"

"ఆయనకి జలుబు..." అంటూ లేలండ్ లేవబోయాడు.

"ఇక్కడే ఉన్నారు," అంది డోరీన్ అతని మోచెయ్యి పట్టుకుని. "పాపం, ఆయన మా ఇంట్లోనే దిగారు."

"నీకెలా తెలిసింది?" అన్నాడు లేలండ్.

"ఈతతొట్టి సినిమాలో ఎక్కడా కనబడదు లేలండ్. మా అక్క పిల్లల దగ్గర అడిగి తెచ్చింది నేనే. పద, స్టేజీ ఎక్కు."

లేలండ్ స్టేజీ మీద నిలబడి టోపీ చేతుల్లో నలిపాడు. "ఆ సమీక్ష రాసింది నేనే. దర్శకుడు అసాధ్యుడన్నది అబద్ధం. మంత్రగత్తె కొయ్యబొమ్మన్నది అంతకన్నా పెద్ద అబద్ధం. ఇవాళ మీరు భయపడింది ఆవిడ ఒక్కర్తిని చూసే. చలిలో నిలబెట్టింది నేను, బతికించింది ఆవిడ. నన్ను క్షమించు డోరీన్."

డోరీన్ నవ్విందో, కళ్ళు తుడుచుకుందో దూరం నుంచి తెలియలేదు. కానీ హిల్డెగార్డ్ లేవడం మాత్రం అందరికీ కనిపించింది. జాతరలో ఊరగాయ రుచి చూశాక నిలబడే తీరులోనే నిలబడి, కళ్ళజోడు సవరించుకుని, అల్లుణ్ణి తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"సినిమాకి నేనిచ్చిన ఒకటి అలాగే ఉంటుంది, మార్చను," అని తీర్పు చెప్పింది. "ఈ విమర్శకుడికి మాత్రం అయిదు." ఆ మాట పూర్తికాకుండానే ఆవిడ బృందమంతా ఒక్కొక్కరే స్టేజీ దగ్గరికొచ్చి, "వచ్చినందుకు సంతోషం," అంటూ లేలండ్‌తో చెయ్యి కలిపి వెళ్ళిపోయారు.

లేలండ్‌కి అయిదు నక్షత్రాలు పరాయివాళ్ళ చేత్తో దక్కడం అదే మొదటిసారి.