పద్దెనిమిదో ప్రశ్నకూ టిక్కే

ఆదివారం పొద్దున్నే టీచరమ్మ కాఫీ కప్పులు పక్కకు జరిపి, భోజనాల బల్ల మీద సముద్రాన్నీ ఎడారినీ పరిచింది. రిసార్టు వాళ్లు పంపిన కాగితాలవి. నీలం కాగితంలో పగడపు దిబ్బల దాకా నీళ్లలోకి దిగే మూడు రోజుల డైవింగు, పసుపు కాగితంలో రెండు రోజుల ఎడారి విహారం. రిసార్టు సముద్రం ఒడ్డునే ఉంది. దాని వెనక గంట ప్రయాణంలో ఇసుకదిబ్బలు మొదలవుతాయి.

"ఇవాళే నింపి పంపేద్దామండీ. ఎవరిది వాళ్లే నింపాలట," అంది భర్తతో.

ఆవిడ స్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. తరగతి గోడకు పగడపు దిబ్బల పటం ఒకటి ఇరవై రెండేళ్లుగా వేలాడుతోంది. ఏటా ఎవరో ఒక పిల్ల లేచి, "మీరు చూశారా టీచర్?" అని అడుగుతుంది. "వచ్చే ఏడాది చూస్తాను," అని ఈవిడ చెబుతుంది. అలా అడిగిన పిల్లలు పెద్దవాళ్లై, తమ పిల్లల్ని కూడా అదే స్కూల్లో చేర్పించారు. మొన్న ఆ పిల్లల్లో ఒకర్తె లేచి అదే ప్రశ్న వేసేసరికి టీచరమ్మకు పట్టుదల వచ్చేసింది.

ఆయనకేమో సముద్రం ఒడ్డు నుంచి చూస్తేనే అందం. మోకాళ్ల దాకా నీళ్లయితే ఏ అభ్యంతరమూ లేదు, అంతకు మించితే చిన్నప్పటి నుంచీ దడ. పసుపు కాగితం మీద ఒక బొమ్మ ఉంది. గుడారం నీడలో ఎవరో పెద్దమనిషి టోపీ ముఖాన వేసుకుని పడుకున్నాడు. ఈయన మనసంతా ఆ పెద్దమనిషి మీదే ఉంది. అయినా ఇరవై రెండేళ్ల కోరికకు అడ్డు చెప్పలేక, "అలాగే," అనేశారు.

ఆయన మందుల ఫ్యాక్టరీలో సీసాల మీద అంటించే లేబుళ్లు సరిచూస్తారు. అక్కడ ఒకటే నియమం: చదివిన ప్రతి వరుస పక్కనా ఎర్ర కలంతో టిక్కు పడాలి, టిక్కు లేకపోతే చదవనట్టే లెక్క. ముప్ఫై ఏళ్లలో ఆ అలవాటు ఒంట్లో జీర్ణించుకుపోయింది. ఇంటికి శుభలేఖ వచ్చినా పెళ్లికొడుకు పేరు పక్కన ఒకటి, పెళ్లికూతురు పేరు పక్కన ఒకటి పెట్టాకే పక్కన పెడతారు. ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ టిక్కుగారనే అంటారు.

డైవింగుకు వెళ్లేవాళ్ల ఆరోగ్య పత్రంలో ముప్ఫై నాలుగు ప్రశ్నలున్నాయి. టిక్కుగారు ఒక్కటీ వదలకుండా చదివారు, ఒక్కటీ వదలకుండా టిక్కు పెట్టారు. 'మీకు వర్తించేవాటికి మాత్రమే టిక్కు పెట్టండి' అని పైన రాసిన వరుసకు కూడా ఒకటి పడింది. అదే ఊపులో పసుపు కాగితమూ పూర్తయింది. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి అన్నచోట బావమరిది నంబరు రాసి, అన్నిటినీ ఫోటో తీసి పంపేసి, నిశ్చింతగా పేపరు అందుకున్నారు. దానికీ టిక్కులు పెట్టాలిగా!

మంగళవారం పదకొండింటికి రిసార్టు అమ్మాయి ఫోన్ చేసింది. ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే వదిలి లోపలికి వెళ్లాలి. టీచరమ్మ క్లాసులో ఉంది. ఇక మిగిలింది బావమరిది. అతను కారు నడపడం నేర్పుతాడు. కొత్తవాళ్లు ఎప్పుడు ఎవరిని గుద్దుతారోనని పక్క సీట్లో కూర్చుని భయపడటమే పదిహేనేళ్లుగా అతని ఉద్యోగం. ఆ పనిలో అతనికి మంచి పేరుంది.

"సార్ గారి ఆరోగ్యం గురించి డాక్టరు ఉత్తరం కావాలండీ. గురువారం సాయంత్రం అయిదు లోపు రాకపోతే ఆయన డైవింగు రద్దయిపోతుంది," అంది ఆ అమ్మాయి.

"మా బావకేమైందండీ?"

"గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ, చెవి ఆపరేషను, వెన్నెముక..." ఆ అమ్మాయి కాస్త తటపటాయించింది. "ఇంకా చాలా ఉన్నాయండీ. పద్దెనిమిదోది ఒక్కటే మాకు అర్థం కాలేదు."

పద్దెనిమిది దాకా వినే ఓపిక బావమరిదికి లేదు. వెన్నెముక దగ్గరే తన కాళ్ల కింద ఉన్న బ్రేకు తొక్కేశాడు. ఆ వెంటనే, కారు నేర్చుకుంటున్న ఆవిడనే తిన్నగా ఫ్యాక్టరీకి పోనిమ్మన్నాడు. ఆవిడ జీవితంలో మొదటిసారి నాలుగో గేరు చూసింది.

"మనకు తెలిసిపోయిందని బావకు తెలియకూడదు సార్. ఆ గుండె తట్టుకోలేదు," అని మేనేజరుకు మరీ మరీ చెప్పాడు.

టిక్కుగారు దగ్గుమందు లేబుల్ మీద సగం టిక్కులో ఉండగా మేనేజరు వచ్చి ఆయన చేతిలోంచి కలం మెల్లిగా తీసుకున్నాడు.

"మీరు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకోండి."

"ఏమైంది సార్? లేబుల్ ఏదైనా తప్పు పోయిందా?"

"ఏమీ కాలేదు. మీరసలు మాట్లాడకండి. మెట్లు దిగకండి."

టిక్కుగారిని సామాన్ల లిఫ్టులో, దగ్గుమందు పెట్టెల మధ్య కుర్చీ వేసి కిందికి దింపారు. ఉద్యోగం ఊడిందనే ఆయన అనుకున్నారు. ఇంటికి వచ్చి చూస్తే మంచం హాల్లోకి వచ్చి ఉంది. బావమరిది వంగి టిక్కుగారి చెప్పులు విప్పుతుంటే ఆయనకు ఏమీ పాలుపోలేదు. ఇంతలో టీచరమ్మ సగం రోజు సెలవు పెట్టి పరుగున వచ్చి, మంచం పక్కన కూర్చుంది.

"నాకంతా తెలిసిపోయిందండీ. ఇన్నాళ్లూ నా దగ్గర ఎందుకు దాచారు?"

తన నీళ్ల భయం బయటపడిందనుకున్నారు టిక్కుగారు. "నువ్వు బాధపడతావని," అన్నారు.

"ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచీ."

"అమ్మో! అంటే పెళ్లికి ముందు నుంచే!"

"మొన్న బాత్‌రూమ్‌లో పరీక్ష కూడా చేసుకున్నాను. బకెట్లో ముఖం పెట్టి లెక్కపెడితే ఆరు దాటేసరికి ఊపిరాడలేదు."

బావమరిది గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

"డైవింగూ వద్దు, ఏమీ వద్దు," టీచరమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "మిమ్మల్ని ఒడ్డున వదిలేసి నేనొక్కదాన్నే దూకుతానా? ఎడారికి మాత్రం వెళ్దాం. మీరు గుడారం నీడలో పడుకోండి. నేను పక్కన కూర్చుంటాను."

ఇంత సులువుగా తేలిపోయేదైతే ఎప్పుడో చెప్పేసేవాణ్ణే అనుకున్నారు టిక్కుగారు. ఉద్యోగం ఊడలేదని, సెలవే ఇచ్చారని బావమరిది చెప్పడంతో బుధవారమంతా మహారాజులా గడిపారు. ఇరుగుపొరుగు పళ్లు తెచ్చారు. బావమరిది తొక్కలు ఒలిచి పెట్టాడు. నీళ్లంటే భయపడే మనిషికి లోకంలో ఇంత మర్యాద ఉంటుందని ఆయనకు అంతవరకూ తెలియదు.

గురువారం మధ్యాహ్నం రెండున్నరకు టీచరమ్మ చంకలో చుట్టిన పటంతో వచ్చింది.

"పాతబడిపోయిందని తీసేశాను. పిల్లలు అడిగితే ఇంకేం చెప్పను?" అని దాన్ని బీరువా మీద పెట్టి, వంటింట్లోకి వెళ్లిపోయింది. కొళాయి చప్పుడు చాలాసేపు వినపడింది. కడగడానికి అక్కడ గిన్నెలేమీ లేవు. టిక్కుగారు చేతిలోని పండు పక్కన పెట్టేశారు.

"ఏమోయ్, నీళ్లంటే భయమైతే మాత్రం ఇంత హడావుడి ఎందుకు?" అన్నారు బావమరిదితో.

"నీళ్లేమిటి బావా? మీకు గుండె, ఆస్తమా, మూర్ఛ..." అని నాలుక కరుచుకుని, ఇక దాచలేక అంతా చెప్పేశాడు.

టిక్కుగారు ఫోన్లో తన పత్రం తెరిచి చూసుకున్నారు. ముప్ఫై నాలుగు టిక్కులు ముచ్చటగా ఒకే వరుసలో ఉన్నాయి. గడియారం చూశారు. మూడు. మరో రెండు గంటలు నోరు మూసుకుంటే సముద్రం దానంతట అదే రద్దయిపోతుంది, గుడారం మిగులుతుంది. ఆ ఆలోచన ఆయనకు చాలా నచ్చింది. కానీ కళ్లు ఎటు తిప్పినా బీరువా మీది పటం దగ్గరికే వెళుతున్నాయి.

"ఇలా రావోయ్," అని భార్యను కేకేసి, పత్రం చూపించారు. "నాకు ఏ జబ్బూ లేదు. భయం ఒక్కటే ఉంది."

"నన్ను ఓదార్చడానికి చెబుతున్నారు. ముప్ఫై నాలుగూ ఒప్పుకుని సంతకం పెట్టారుగా!"

"ఒప్పుకుని కాదే, చదివి పెట్టాను. కావాలంటే పద్దెనిమిదోది చదువు."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివింది. "ప్రస్తుతం మీరు గర్భవతిగా ఉన్నారా?"

దాని పక్కన ఎర్రటి టిక్కు, ఏ సందేహానికీ తావు లేకుండా. ఆవిడ టిక్కునూ, మంచం మీది భర్తనూ మార్చి మార్చి చూసింది.

"ఎన్నో నెలండీ?" అంది. నవ్వుతూ ఏడుస్తూ మంచం మీద కూలబడింది.

సరిగ్గా అప్పుడే కారు నేర్చుకునే ఆవిడ పాఠానికి వచ్చింది. అందరినీ ఆవిడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నాలుగో గేరు ఇప్పుడు ఆవిడకు బాగా అలవాటైపోయింది. టిక్కుగారి ఒంట్లో ఏ లోపమూ లేదని, గర్భం సంగతి కూడా ప్రత్యేకంగా పరిశీలించానని డాక్టరు రాసిచ్చాడు. అయిదుకు పది నిమిషాలుందనగా ఆ ఉత్తరం రిసార్టుకు చేరింది.

"మరి మీ భయం?" అంది టీచరమ్మ, ఇంటికి వచ్చి పటం దుమ్ము దులుపుతూ.

"ఉంటుంది. అది కూడా వస్తుంది మనతో."

"మీరు ఆరు దాకా లెక్కపెట్టండి చాలు. ఆ తర్వాత వీపున కట్టే గాలి సిలిండరు చూసుకుంటుంది. నేను చెయ్యి వదలను."

అంతలో ఫోన్ మోగింది. రిసార్టు అమ్మాయే. "డైవింగు ఖాయం చేశామండీ! పసుపు కాగితంలో కూడా సార్ గారు కోరుకున్నవన్నీ ఏర్పాటు చేశాం. తెల్లవారకముందే ఇసుకలో పరుగు, ఒంటె స్వారీ, దిబ్బల మీంచి జారుడు, జీపు, పదిహేను కిలోమీటర్ల నడక... మొత్తం పదకొండు. పన్నెండోదానికి సమయం చాలక తీసేశామండీ, ఏమనుకోకండి."

"పన్నెండోది ఏమిటమ్మా?" అన్నారు టిక్కుగారు నీరసంగా.

"గుడారం నీడలో విశ్రాంతి."

ఆ సాయంత్రమే వచ్చిన కార్యక్రమ పట్టికను ఆయన పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివారు. చదివినట్టు ఎక్కడా గుర్తు పెట్టలేదు.