ఫైళ్ల సమతూక మహాకార్యం

2009లో చాంద్రాయణగుట్టలోని మా ఆఫీసులో ఆరు కంప్యూటర్లు చిన్న ఆసుపత్రుల స్కాన్లన్నిటినీ దాచేవి. ఒక్కో స్కానుకు మూడు నకళ్లు, మూడు వేర్వేరు కంప్యూటర్లలో. ఏ నకలు ఎక్కడుండాలో ఒక సూత్రం నిర్ణయించేది. మూడేళ్లుగా అది పొరపాటు చేయలేదు. దాంతో వీరరాఘవరావు అనే ఇంజనీరు ఒకడున్నాడని, అంటే నేనున్నానని, ఎవరికీ గుర్తు లేకుండా పోయింది.

కనుక సూత్రాన్ని ఆధునికీకరించాలని నిశ్చయించాను. యజమాని అమరనాథ్ ముందు గంటసేపు ప్రసంగించాను. "రెండో కంప్యూటరు నిండుతోంది, ఐదోది ఖాళీగా ఉంది. ఈ అసమానతను చరిత్ర క్షమించదు."

"ఇప్పుడైతే ఏం లొల్లి లేదు గద సార్?" అన్నాడాయన.

"రాకముందే పరిష్కరిస్తాను."

సోమవారం పొద్దున పది గంటలకు కొత్త సూత్రాన్ని అమల్లో పెట్టాను. దాని ప్రకారం ఇంచుమించు ప్రతి ఫైలూ తప్పుచోట ఉంది. లక్షల ఫైళ్లు ఒకేసారి ఇల్లు మారడం మొదలుపెట్టాయి. ఆ మోతపనిలో మునిగిన కంప్యూటర్లు అడిగిన స్కాను ఇవ్వడం మానేశాయి. తరలింపు ఎంత శాతం అయిందో చూపే తెరమీది గీత మాత్రం అందంగా పైకి పోతోంది.

పదకొండుకు ఫలక్‌నుమా నుంచి కృష్ణయ్య వచ్చాడు. భార్య ఆగమ్మకు మధ్యాహ్నం ఆపరేషను. పాత స్కాను చూడందే కత్తి పట్టనని డాక్టరు అన్నాడట. ఆసుపత్రి కంప్యూటర్లో అది తెరుచుకోవడం లేదు.

"మీ స్కాను భద్రంగా ఉంది. ప్రయాణంలో ఉంది" అని చెప్పాను.

"ఎప్పుడొస్తది సార్?"

"గురువారం."

ఆయన చేతిలోని డాక్టరు చీటీని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "జర ఆపరాదా సార్?"

ఆపవచ్చు. ఒక్క మీట చాలు. కానీ గీత రెండు శాతం దగ్గర ఆగితే నివేదికలో బాగుండదు. ఆయనకు చాయ్ తెప్పించాను.

నాతో పనిచేసే బిందుమాధవి పక్క కుర్చీలోంచి లేచి, నా కీబోర్డు తనవైపు లాక్కుని తరలింపు ఆపేసింది. "నివేదిక ఆపరేషను చేయదండీ" అంది. రెండు నిమిషాల్లో స్కాను తెరుచుకుంది. కృష్ణయ్య నాకు దండం పెట్టాడు. "మస్తు సాయం జేసినవ్ సార్." హుందాగా స్వీకరించాను.

ఆగమ్మ కోలుకుంది. మిగిలిన తరలింపును బిందుమాధవి రోజుకు కాస్త చొప్పున, ఎవరికీ తెలియకుండా, నెలలో పూర్తి చేసింది. "మేము సకాలంలో ఆపాము" అని నివేదికలో నిజాయితీగా రాశాను. అభినందన సభలో అమరనాథ్ చదివేటప్పుడు ఆ "మేము" కాస్తా "వీరరాఘవరావుగారు" అయింది. పెద్దల ప్రసంగానికి అడ్డు తగలడం సంస్కారం కాదని ఊరుకున్నాను. బిందుమాధవి సభకు రాలేదు, కంప్యూటర్ల గదిలో పనిలో ఉంది. చప్పట్లు చాలాసేపు మోగాయి.

మీరున్నా కొట్టేవారే. శాలువా నాకు అంత బాగా అమరింది.